అరటాకు అంటుకున్న చోటు

దోహాలో దిగిననాడు మాబున్నీసా చేతిలో ఉన్న సరుకు ఇది: సూట్‌కేసు అడుగున పరిచిన పదకొండు నైటీలు, అత్త కట్టిచ్చిన రొట్టెల పీట, బియ్యం మూటను ఒంటిచేత్తో అటక ఎక్కించగల కుడిభుజం, ఎవరి మాటనైనా గోటితో గీరి చూశాక గాని నమ్మని బుద్ధి. ఆరేళ్ళు గడిచాయి. నైటీలు వందలు వచ్చాయి, వందలు పోయాయి. పీట నడుమ అరిగింది. బుద్ధికి పదును పెరిగింది. దగా చేసింది భుజం ఒక్కటే.

ఆ సంగతి కుక్కర్ దగ్గర బయటపడింది. ఓల్డ్ ఎయిర్‌పోర్ట్ అనే పేటలో ఒక పాత విల్లాను గదులుగా చీల్చి అద్దెలకిచ్చారు. అందులో రెండు గదులు, ఒక ఇరుకు వంటిల్లు వీళ్ళ వాటా. వంటింట్లో పై అర మీద పెద్ద కుక్కర్ ఉంటుంది. రంజాన్ వెళ్ళిన మూడో వారం ఒక ఉదయం దానికోసం చెయ్యెత్తితే, చెయ్యి చెవిదాకా కూడా లేవలేదు. మోచేతి నుంచి మెడవరకు ఎవరో సైకిల్ చైను పట్టి గుంజినట్టయింది.

"ఏమయ్యా, ఆ కుక్కర్ రోంత దించు" అని కేకేసింది.

రసూల్ ఫోనులోంచి తల ఎత్తలేదు. "కుక్కర్ దించేదానిగ్గూడా మొగోడు రావల్నా?" అన్నాడు. ఆ తర్వాత వచ్చి దించాడు. అది నిజమే, కాదనకూడదు. దించి, స్టవ్ పక్కన పెట్టి, "మా యమ్మకు అరవై దాటినాయి. ఇప్పటికీ బాయిలో నీల్లు చేదుతాండాది" అన్నాడు. కుక్కర్ ఒక చేత్తో, ఆ మాట ఇంకో చేత్తో అందించినట్టు.

పొద్దున నాలుగున్నరకు మాబున్నీసా రోజు మొదలవుతుంది. కంపెనీలో బండ్ల సూపర్‌వైజర్ అయిన రసూల్‌కు ఒక బాక్సు, ఏసీలు బిగించే పనిలో ఉన్న మరిది మహబూబ్‌కు ఒక బాక్సు. అన్నకు కారం ఎక్కువ పడాలి, తమ్ముడికి తక్కువ. రెండు తాలింపులు. అన్న బట్టలకు ఇస్త్రీ, తమ్ముడి బట్టలకు డ్యూటీ మరకలు పోయేదాకా బ్రష్షు. ఇస్త్రీపెట్టె వదిలిన వేడి చేతినే తీసుకుపోయి కుళాయి కింద గిన్నెల్లో పెట్టడం. శుక్రవారం, ఇళ్ళల్లో పనిచేసే ఆడవాళ్ళకు సెలవు దొరికే పూట, నైటీల సంచి భుజాన వేసుకుని విల్లా విల్లా తిరిగి అమ్మడం. ఇంతా అయ్యాక ఎవరన్నా కొత్తవాళ్ళు వస్తే రసూల్ ఆమెను చూపించి, "మా ఇంటిది ఏం పని చెయ్యదు, ఇంట్లోనే ఉంటాది" అంటాడు. చెడ్డ ఉద్దేశంతో కాదు. అతని కళ్ళకు అలాగే కనిపిస్తుంది. గాలి కనిపించదు కదా, అలా.

ఆసుపత్రికి తీసుకుపోయాడు. ఎక్స్‌రే శుభ్రంగా ఉంది. డాక్టరు బిళ్ళలు రాసి, రెస్ట్ తీసుకోమన్నాడు. ఆ రెస్ట్ ఏ మందుల షాపులో దొరుకుతుందో మాత్రం రాయలేదు. తిరిగి వచ్చేటప్పుడు కారులో రసూల్, "ఏమీ లేదంట గదా. ఏమీ లేని దానికి ఇంత యాగీ" అన్నాడు. ఆ రోజునుంచి ఆమె నొప్పికి పేరు 'ఏమీ లేనిది' అయింది.

నెనీత సంగతి చెప్పింది సుహాసిని. భీమవరం వైపు పిల్ల, ముషైరిబ్‌లో ఏదో ఆఫీసు రిసెప్షన్‌లో కూర్చుంటుంది, రెండేళ్ళుగా పై అంతస్తులో ఉంటోంది. ఒక శుక్రవారం నైటీలు తిరగేస్తూ, "అదేంటండీ మాబూ గారూ, సంచి ఎడమ భుజానికి మారిపోయిందేంటి?" అంది.

"కుడిది సమ్మె చేస్తాంది మా."

"మరి వెనక గదిలో నెనీత దగ్గరికి వెళ్ళలేదా? నా మెడ పట్టేసినప్పుడు రెండు పూటల్లో వదిలించేసిందండీ బాబూ. వాళ్ళమ్మమ్మ ఊళ్ళో పెద్ద మంత్రసానంట, నరాల వైద్యం, బెణుకులూ అన్నీ చూసేదంట. ఫిలిప్పీన్స్ పిల్లలందరూ ఈవిణ్ణి నానాయ్ నానాయ్ అంటారు. అంటే అమ్మ అనంట."

"ఎంత తీసుకుంటాదంట?"

"ఏమీ తీసుకోదండీ. అడగనే అడగదు."

అక్కడే మాబున్నీసా చెవులు నిక్కపొడుచుకున్నాయి. ధర చెప్పేవాడితో బేరమాడవచ్చు. ధరే లేదన్నవాడితో ఏం చేస్తాం? రెండు కొంటే ఒకటి ఉచితం అని తాను ఎన్నిసార్లు చెప్పలేదు, ఆ ఒకదాని ధరను మిగతా రెండింటిలో కనిపించకుండా ఎలా కుట్టాలో తనకు తెలియదా? ఉచితం అని బోర్డు పెట్టినవాడి దుకాణంలో అడుగుపెట్టే ముందు తలుపు ఎటు తెరుచుకుంటుందో చూసుకోవాలి. అందుకని ఆమె మూడు శుక్రవారాలు ఊరికే చూసింది. వెనక గది ఎదురుగా మెట్ల మీద సంచి దించుకుని కూర్చుని, నైటీలు మడతపెట్టే నెపంతో, వచ్చేవాళ్ళనూ పోయేవాళ్ళనూ లెక్కపెట్టింది. ఫిలిప్పీన్స్ పిల్లలు, ఒక నేపాలీ కుర్రది, విల్లా ఏజెంటు భార్య కూడా. నడుం పట్టుకుని వంగి లోపలికి వెళ్ళినవాళ్ళు నిటారుగా బయటికి వచ్చేవాళ్ళు. చేతుల్లో ఒక సబ్బో, ఒక నూడుల్సు పొట్లమో తెచ్చి గుమ్మం పక్కన పెట్టి పోయేవాళ్ళు. తేనివాళ్ళూ ఉన్నారు. తేనివాళ్ళు మళ్ళీ వచ్చినా నెనీత తలుపు తెరిచింది. తెరిచినప్పుడల్లా లోపల మేరీమాత పటం, ఒక కొవ్వొత్తి, వేళ్ళూ బెరడూ మునిగి ఉన్న నూనె సీసా కనిపించేవి. ఆ సీసా మాబున్నీసాకు అసలు నచ్చలేదు. గుట్టంతా అందులోనే ఉందని తేల్చుకుంది.

నాలుగో శుక్రవారం అసరు నమాజు అయ్యాక ఆమె వెనక గది తలుపు తట్టింది. చేతిలో తాను వాడే కొబ్బరినూనె సీసా, సూపర్ మార్కెట్లో తానే ఏరి కొన్న అరటాకు.

"నూనె నాది, ఆకు నాది" అంది ముందుగానే.

ఇద్దరికీ కలిసిన భాష దోహా భాష. పనిమాటలు ఇంగ్లీషువి, విసుగు అరబ్బీది, మిగతాది హిందీ. యాభై దాటిన నెనీత, నర్సరీలో పసిపిల్లల్ని ఎత్తుకుని ఎత్తుకుని గట్టిపడిన చేతుల మనిషి, పొట్ట కదిలేలా నవ్వింది. "చెయ్యి మాత్రం నాదే, సిస్టర్. ఫర్వాలేదా?"

ఆకును స్టవ్ మంటమీద ఒకసారి అటూ ఇటూ చూపించి మెత్తబరిచింది. నాలుగు వేళ్ళ వెడల్పున చీల్చింది. మాబున్నీసాను చాప మీద పడుకోబెట్టి, ఒంటికి ఆమె నూనే రాసి, ఆకు ముక్కను మెడ దగ్గర పరిచి మెల్లగా కిందికి లాగడం మొదలుపెట్టింది. మంచి చోట ఆకు జారిపోతుందట. ఒంట్లో ఎక్కడ చెడు ఉందో అక్కడ అంటుకుంటుందట. ఆకు భుజం మీద సబ్బుబిళ్ళలా జారిపోయింది.

"నొప్పి అక్కడే గదా!" అంది మాబున్నీసా, దొంగ దొరికాడన్న సంబరంతో.

"భుజం అరుస్తోంది. అరిచేది అదే. కొట్టింది ఎవరో వెతుకుతున్నా."

వీపు మీద జారింది. వెల్లకిలా తిప్పి, రొమ్ము కింద, పక్కటెముకల మీద జారింది. పొత్తికడుపు దగ్గర, బొడ్డుకు ఎడమగా, నిలబడిపోయింది. నెనీత లాగితే ఆకుతోబాటు చర్మం లేచింది.

మాబున్నీసా లేచి కూర్చుంది. "చెమట" అంది. తువ్వాలుతో తుడుచుకుంది. ఇంకోసారి చెయ్యమంది. ఆకు తిరగేయమంది. అది అయ్యాక వేరే ముక్క తీయమంది. నెనీత విసుక్కోలేదు, బేరగాళ్ళను చాలామందిని చూసిన దుకాణదారులా అడిగినట్టల్లా చేసింది. మూడుసార్లూ ఆకు అదే చోట ఆగింది.

"పిల్లలు?"

"ఒక కూతురు. కడపలో హాస్టల్లో సదువుతాంది."

"ఆ తర్వాత?"

మాబున్నీసా మొహం గోడ వైపు తిప్పుకుంది. నెనీత తరిచి అడగలేదు. ఆకు తీసి పక్కన పెట్టి, ఆ చోట అరచెయ్యి ఆనించి ఉంచింది. కాసేపయ్యాక, "ఎన్నో రోజు లేచావు?" అని అడిగింది.

"మూడో రోజు." బుద్ధి అడ్డుపడేలోపే నోరు చెప్పేసింది.

"ఎవరు లేపారు?"

నాలుగేళ్ళ కిందట, అయిదో నెలలో కడుపు పోయింది. ఆసుపత్రిలో ఒక రాత్రి ఉంచి పంపేశారు. రసూల్ ఆ రోజు బాగానే ఏడ్చాడు, అది కూడా లెక్కలో రాయాలి. కానీ మూడో రోజు అతని మేనేజరు భోజనానికి వస్తానన్నాడు, ప్రమోషన్ నలుగుతున్న రోజులు. "నువ్వు పండుకో, హోటల్లోనించి తెప్పిస్తాలే" అని అతను అన్నది ఒకసారే, అదీ గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ. ఊరినుంచి వీడియో కాల్‌లో అత్త, "బిడ్డ పుట్టిందా ఏంది మా, నలభై దినాలు మంచం దిగకుండా కూసునేదానికి? ఏమీ లేని దానికి పురుడేంది? రొండు దినాలు పండుకున్నావు గదా, సాల్లే. లెయ్, మెల్లగ లెయ్" అంది. మెల్లగా అన్నందుకు ఆమె దయగల అత్తే. మాబున్నీసా లేచింది. పై అరలోంచి పెద్ద కుక్కర్ దించింది. కాళ్ళ వెంట ఇంకా తడి ఆరని ఒంటితో రెండు కిలోల బిర్యానీ కలిపింది, కుడిచేత్తో. నాలుగో నెలలో తన సరుకులోంచే తనకోసం తీసిపెట్టుకున్న నైటీ ఒకటి ఉంది. లేతాకుపచ్చది, బిడ్డకు పాలివ్వడానికి ముందువైపు రెండు జిప్పులున్నది. దాన్ని ఆ సాయంత్రమే సంచి అడుక్కు తోసేసింది. ఇప్పటికీ కొనేవాళ్ళ వేళ్ళు దానికి తగిలితే, "అది డ్యామేజీ పీసు" అంటుంది.

ఇవేవీ ఆమె నెనీతకు చెప్పలేదు. ఏడుపు మాత్రం వచ్చింది. ఆ ఏడుపును కూడా అనుమానంగానే చూసుకుంది, నూనె ఘాటేమోనని.

"మా దీవిలో దీన్ని బుగాత్ అంటారు" అంది నెనీత, నొక్కుతూనే. "లేవకూడని నాడు లేచిన ఆడదానికి పట్టే జబ్బు. మా బొహోల్లో మా ఊరినుంచి ఆసుపత్రికి పోవాలంటే పడవెక్కాలి. పురుళ్ళు, బెణుకులు, పిల్లల జ్వరాలు అన్నీ మా అమ్మమ్మే. తన చేతికి లొంగదనుకుంటే తానే తిట్టి పడవెక్కించేది. నువ్వూ వెళ్ళు, కడుపు స్కాన్ తీయించు, భుజం కాదు. అమ్మమ్మ నూనె రాయడం సగం పనే, సిస్టర్. మిగతా సగం ఏంటో తెలుసా? ఆ ఇంటి గడపలో చుట్ట వెలిగించుకుని కూర్చునేది. తొమ్మిది రోజులు బాలింత లేవకుండా కాపలా. మొగుడు నీళ్ళు మోసేవాడు, అత్త వండేది. ఎదురు చెప్పేవాడు లేడు. రేపు తన కాలు బెణికితే ఎవరు చూస్తారు?" అరచేతి నూనె తుడుచుకుంది. "ఇక్కడ గడపలో కూర్చోవడానికి అమ్మమ్మ లేదు. నేను నర్సరీకి పోవాలి. ఆ తొమ్మిది రోజులు నువ్వే తీసుకో. తడి బరువు ఎత్తొద్దు, వేడి చెయ్యి చల్లనీళ్ళలో పెట్టొద్దు."

లేచేటప్పుడు మాబున్నీసా, "ఎంత?" అంది.

"మాఫీ, ఏమీ లేదు. అడిగితే ఈ గుణం చేతిలోంచి పోతుంది, అమ్మమ్మ చెప్పింది."

ఇంతకంటే గొప్ప వ్యాపారపు మాట మాబున్నీసా ఈ ఆరేళ్ళలో వినలేదు.

గదికి వచ్చాక ఆమెను రెండు అనుమానాలు పట్టుకున్నాయి. మొదటిది, తొమ్మిది రోజులు నన్ను పడుకోబెడితే దానికేం లాభం? రెండోది, మూడో రోజు సంగతి దానికి ముందే ఎవరో చేరవేశారు. ఆకు మాయ కాదు, నోరు మాయ. సుహాసినిని మెట్ల మీద ఆపి అడిగితే ఆ పిల్ల తెల్లబోయింది. "మీకు అలా జరిగిందా అండీ? నాకెవరు చెప్తారు? నేనొచ్చి రెండేళ్ళే కదా." నిజమే. ఇక్కడ ఆ సంగతి తెలిసినవాళ్ళలో మహబూబ్ ఆడవాళ్ళ గదుల వైపు పోడు. మిగిలింది రసూల్.

శనివారం పొద్దున బాక్సులో అన్నం సర్దుతూ అడిగింది. "నాలుగేండ్ల కింద మీ మేనేజర్ తినేదానికొచ్చినాడే. ఆ పొద్దు సంగతి నువ్వు ఈ విల్లాలో ఎవురితోనన్నా చెప్పినావా?"

రసూల్ షూ లేసులు కట్టుకుంటూ ఆలోచించాడు. అతని ముఖం వెలిగింది. "ఓ, ఆ బిర్యానీనా! అడుగంటింది గదా ఆ పొద్దు. మా సార్ ఇప్పటికీ నవ్వుతాడు, రసూల్, మీ ఇంట్లో పొగ బిర్యానీ చేస్తారా అని."

ఆమె చేతిలో గరిటె గాలిలో ఆగింది. అతని మొహంలో ఎక్కడన్నా మిగతాది ఉందేమోనని వెతికింది. గిన్నె అడుగు మాడడం ఉంది, సారు నవ్వు ఉంది. గిన్నె ఎందుకు మాడిందో, కలుపుతున్న మనిషి ఎందుకు స్టవ్ ముందు కిందికి కూలబడిందో అతని దగ్గర లేదు. దాచిపెట్టినా బాగుండేది. దాచినదాన్ని వెతికి పట్టుకోవచ్చు. "ఏం, మల్ల చేస్తావా?" అన్నాడు బాక్సు అందుకుంటూ.

ఆ సాయంత్రం వంటింట్లో చెత్తబుట్టలో, నెనీత గదినుంచి ఆమె తెచ్చి పడేసిన అరటాకు ముక్కలు చూసింది మహబూబ్. చూసినవాడు అన్న చెవిన వేశాడు. రసూల్ వచ్చేసరికి మాబున్నీసా ఎడమచేత్తో పిండి కలుపుతోంది.

"ఆ ఫిలిప్పీన్ దాని గదికి పోయినావంట?"

"పోయినా."

"కొవ్వొత్తులు, సీసాలు, ఆకులు. ఏమే మాబున్నీ, నీకేమన్నా బుద్ధుండాదా? ఈ దేశంలో మంత్రాలంటే ఏమయితాదో ఎరికనా? నా ఉద్యోగం మీదికి తెస్తావా?"

"మంత్రం ల్యా. నూనె నాదే, ఆకు నాదే."

"ఎంత గుంజుకుంది?"

"ఏమీ అడగల్యా."

రసూల్ నవ్వాడు, మహబూబ్ వైపు చూసి. "యిన్నావా? ఏమీ అడగలేదంట. ఉత్తగా ఎవురు చేస్తారే? లోకంలో యాడన్నా ఉండారా ఉత్తగా చేసేటోల్లు? ఏందో ఉండాది దాని ఎనకాల."

మాబున్నీసా పిండి మీద చెయ్యి ఆపింది. ఇవి తన మాటలే. మూడు శుక్రవారాలు మెట్ల మీద కూర్చుని తాను అనుకున్నవే, అక్షరం పొల్లుపోకుండా. తన నోట్లో అవి తెలివిగా ఉండేవి. అతని నోట్లో విన్నాక వాటి తూకం మారింది.

"ఉండారు" అంది.

"యాడ?"

"ఈడనే. పెండ్లయిన పదహారేండ్ల నుంచి నేను చేస్తాండాది ఏంది?"

మహబూబ్ ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు. రసూల్ షూ విప్పి గోడవారకు తోశాడు. "అది యేరే" అన్నాడు చివరికి.

"ఏం యేరే?"

"అది... ఇల్లు."

"అదే చెప్తాండా."

"ఏజెంటుకు ఒక్క ఫోన్ కొడితే రేపే దాన్ని గది ఖాళీ చేపిస్తాడు!"

"కొట్టు. ఏజెంటు పెండ్లాము శుక్రారం శుక్రారం నడుము పట్టించుకునేది ఆమె దగ్గరే. ముందు ఆయమ్మనడిగి కొట్టు."

ఫోను రసూల్ చేతిలోనే ఉంది. కొట్టలేదు. ఆమె పిండి మీద తడిగుడ్డ కప్పి, చేతులు తుడుచుకుని, నైటీల సంచి ముందు కూర్చుని లెక్క మళ్ళీ మొదటినుంచి వేసుకుంది. తాను పడుకుంటే నెనీతకు లాభం ఏమిటి? ఎటు తిప్పినా సున్నా వస్తోంది. అప్పుడు తట్టింది, లెక్క తలకిందులుగా వేస్తున్నానని. సరుకు కొనొద్దని నిన్ను ఆపేవాడి లాభం చూడడం చిన్న వ్యాపారి పని. నువ్వు ఆగితే ఎవరికి నష్టమో చూసేవాడే అసలు వ్యాపారి. చూసింది. ఇద్దరు ఉన్నారు. ఇద్దరూ రొట్టెల కోసం ఎదురు చూస్తున్నారు. ఆరేళ్ళుగా తన అనుమానమంతా గుమ్మం అవతలివాళ్ళ మీదే ఖర్చయిపోయింది.

సంచి అడుగుకు చెయ్యి పోనిచ్చి, డ్యామేజీ పీసును బయటికి తీసింది.

మరునాడు నాలుగున్నరకు అలారం మోగింది. ఆమే ఆపింది. లేతాకుపచ్చ నైటీలో అటు తిరిగి పడుకుంది.

"వదినా, బాక్సు?" అన్నాడు మహబూబ్ గుమ్మంలో నిలబడి.

"స్టవ్ ఆడుండాది నాయనా. తొమ్మిది దినాలు."

మొదటి రెండు రోజులు హోటల్ పరోటాలు. రసూల్ ఆ రెండు రోజులూ తలుపులతో మాట్లాడాడు, గట్టిగా. మూడో రోజు ఆమెకు నిద్ర పట్టలేదు. వంటింటి చప్పుడు వినపడినప్పుడల్లా కాళ్ళు వాటంతట అవే మంచం దిగబోయాయి. రెండు చేతులతో మంచం పట్టె పట్టుకుంది. ఆ రోజు దాటింది. నాలుగో రోజు అన్నం మాడింది, ఎవరూ నవ్వలేదు. అయిదో రోజు అత్త వీడియో కాల్ చేసింది. "ఏం రోగం మా, మొగోల్లు పొయ్యి కాడ నిలబడేంత?"

"రోగం కాదత్తా. నాలుగేండ్ల కిందటి పురుడు."

మాబున్నీసా తెర వైపు చూసింది. అత్త తలమీద కొంగు సర్దుకుంటోంది, సర్దుకున్నదాన్నే మళ్ళీ సర్దుకుంటోంది. "నన్ను లేపింది నాలుగో దినం" అని, తన మాట తనకే వినపడనట్టు, ఫోను పెట్టేసింది. ఏడో రోజు రసూల్ తలుపు దగ్గరికి వచ్చి, గోడకు చెబుతున్నట్టు, "రొండు గ్లాసుల బియ్యానికి నీల్లెన్ని?" అని అడిగాడు.

"నాలుగు."

తొమ్మిది రోజులు అయ్యాక నెనీత మళ్ళీ ఆకు పరిచి చూసింది. బొడ్డు పక్కన ఆగినట్టే ఆగి, జారింది. నూనె కొంచెం ఎక్కువ పడిందేమోనని మాబున్నీసా అనుమానం. ఆమె ఇప్పటికీ తన సీసా తానే పట్టుకుపోతుంది. వచ్చేటప్పుడు గుమ్మం పక్కన సబ్బుల నడుమ ఒక నైటీ పెట్టింది, సంచిలో ఉన్నవాటిలోకెల్లా మంచిది, ధర చీటీ చింపేసి.

ఇక చివరి లెక్క. చెయ్యి చెవి దాటి లేస్తోంది, పై అర దాకా ఇంకా లేవడం లేదు. కుక్కరే కింది అరకు వచ్చింది, రసూల్‌కు రోజూ వంగి తీసుకోవడానికి అదే వీలట. ఇంట్లో తాలింపు ఒకటే. కారం చాలనివాడు పైన చల్లుకుంటాడు. స్కాన్‌కు వచ్చే మంగళవారం తేదీ ఇచ్చారు. సంచిలో డ్యామేజీ పీసులు లేవు. ఇవన్నీ ఒక వైపు పెట్టి, మాబున్నీసా మెట్ల మీద కూర్చుని వేలి కణుపుల మీద రోజులు లెక్కపెట్టింది. ఆనాడు రెండు దగ్గర తెగిపోయిన లెక్క. మూడు, నాలుగు, అయిదు. బొటనవేలు ఆగకుండా నడిచింది. ఎక్కడా తరుగు లేదు. తొమ్మిదీ ముట్టాయి.